ముక్కోణపు వన్డే సిరీస్: తిరుపతిలో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ఆదివారం మ్యాచ్‌లకు ఇరవై ఏళ్ళకు పైగా స్కోరు రాస్తున్నాను. పుట్టింది చిత్తూరులో, స్థిరపడింది ఇక్కడ. చేతిలో స్కోరు బుక్కు ఉన్నోడికి క్రికెట్ అంతా తెలుసని మావాళ్ళ నమ్మకం. అది నిజం కాదని నేనూ ఎప్పుడూ చెప్పలేదు. యాడైనా మూడు దేశాల సిరీస్ మొదలైందంటే చాలు, లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగనీరు. "అన్నా, మనోళ్ళు ఫైనల్‌కి పోతారా, పోరా?" పదిమందికి పదిసార్లు చెప్పేకన్నా ఒకసారి రాసి పెడితే మేలని ఇది.

ముక్కోణపు సిరీస్ అంటే ఏంది?

మూడు దేశాలు, ఒకటే పాయింట్ల పట్టిక. ప్రతి జట్టూ మిగతా రెండింటితో సమానంగా ఆడుతుంది. పట్టికలో పైన ఉన్న రెండూ ఫైనల్ ఆడతాయి, అడుగున ఉన్నది మూట సర్దుకుంటుంది. ఆట మామూలు వన్డేనే: జట్టుకు 50 ఓవర్లు, ఒక్కో బౌలర్‌కు పదికి మించి లేదు. పేపర్లో ముక్కోణపు సిరీస్ అని వేస్తారు, గ్రౌండులో అందరూ ట్రై సిరీస్ అనే అంటారు.

రెండు దేశాల సిరీస్‌లో మన ఎదురుగా ఒక్కడే. ఇక్కడ ఇద్దరు ఆడుతుంటే మూడోవాడు హోటల్ గదిలో టీవీ ముందు కూర్చుని లెక్కలు వేసుకుంటూ ఉంటాడు. బ్యాటు ముట్టుకోకుండానే ఆ రోజు వాడి గతి తేలిపోవచ్చు. నన్ను అడిగే ప్రశ్నల్లో సగం ఆ మూడోవాడి గురించే.

మొత్తం ఎన్ని మ్యాచ్‌లు ఉంటాయి?

నిర్వాహకుల ఇష్టం. మూడు జట్లకు జోడీలు మూడే కాబట్టి లీగ్ మ్యాచ్‌ల సంఖ్య ఎప్పుడూ మూడో ఎక్కం. 2025 ఫిబ్రవరిలో పాకిస్తాన్, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పాకిస్తాన్‌లో ఆడినప్పుడు ఒక్కో జోడీకి ఒక్కటే మ్యాచ్: మూడు, ఆపైన ఫైనల్, నాలుగుతో సరి. 2025లోనే శ్రీలంకలో మన అమ్మాయిలు ఆడిన సిరీస్‌లో ఒక్కో జోడీకి రెండు. 2002 నాట్‌వెస్ట్ సిరీస్‌లో మూడేసి, 2008 ఆస్ట్రేలియా సిరీస్‌లో నాలుగేసి. నాలుగేసి అంటే లీగే పన్నెండు మ్యాచ్‌లు, నెల రోజుల పండగ.

నాలుగు దేశాలు ఆడితే?

అది ముక్కోణం కాదు. 1997 మే 21న చెన్నై చేపాక్‌లో సయీద్ అన్వర్ మన మీద కొట్టిన 194ను చాలామంది ట్రై సిరీస్ ఖాతాలో వేస్తారు. ఆ ఇండిపెండెన్స్ కప్‌లో జట్లు నాలుగు. ఈ సంగతి చెప్తే నొచ్చుకునే పెద్దమనుషులు చిత్తూరులో ఇప్పటికీ ఉన్నారు, ఎందుకంటే వాళ్ళు బస్సెక్కి పోయి ఎర్రటి ఎండలో ఆ దెబ్బలన్నీ కళ్ళారా చూసొచ్చారు.

పాయింట్లు ఎట్లా ఇస్తారు?

మామూలుగా గెలిస్తే రెండు, టైగానే మిగిలినా రద్దయినా చెరొకటి. కొన్ని సిరీస్‌లలో గెలుపుకు నాలుగు, టైకి రెండు, భారీగా గెలిస్తే బోనస్ ఒకటి. సిరీస్ మొదలయ్యే ముందే నిబంధనల్లో రాసి ఉంటుంది. పోయిన సిరీస్ పద్ధతిని ఈ సిరీస్‌కు అంటగట్టి వాదనకు దిగకండి, నా ముందైతే అసలే వద్దు.

బోనస్ పాయింట్ అంటే? హోబార్ట్‌లో కోహ్లీ అంత తొందర ఎందుకు పడ్డాడు?

రన్‌రేట్ అంటే ఓవర్‌కు సగటున కొట్టిన పరుగులు. గెలిచిన జట్టు రన్‌రేట్ ఓడిన జట్టు రన్‌రేట్‌కు 1.25 రెట్లు ఉంటే ఒక పాయింట్ అదనం. దీన్ని అర్థం చేసుకోవడానికి హోబార్ట్‌ను మించిన పాఠం లేదు.

2012 ఫిబ్రవరి 28. హోబార్ట్ ఆస్ట్రేలియాలో ఊరు. ఆస్ట్రేలియా, శ్రీలంక, మనం ఆడే సిరీస్. శ్రీలంక 320 పరుగులు కొట్టింది, అంటే ఓవర్‌కు 6.4. దాన్ని 1.25తో గుణిస్తే సరిగ్గా 8. అంటే 321 పరుగుల్ని 40 ఓవర్లలో కొట్టేస్తేనే బోనస్, బోనస్ వస్తేనే ఫైనల్ ఆశ. 50 ఓవర్లు తీరిగ్గా ఆడి గెలిచినా ఓడినట్టే. స్కోరు బోర్డు మీద 320 అని ఉంది, కానీ మన బ్యాటర్లు ఆడింది వేరే మ్యాచ్. కోహ్లీ 86 బంతుల్లో 133 నాటౌట్. 36.4 ఓవర్లకే పని అయిపోయింది.

ఇక్కడితో ఆపితే సినిమా కథలాగే ఉంటుంది. మిగతా సగం ఇది: మన లీగ్ మ్యాచ్‌లు అంతటితో అయిపోయాయి, 15 పాయింట్ల మీద కూర్చున్నాం. చివరి లీగ్ మ్యాచ్ మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియాకూ శ్రీలంకకూ మధ్య. ఆస్ట్రేలియా గెలిస్తే మనం ఫైనల్‌లో ఉంటాం. ఆ రోజు తిరుపతిలో నేను చూసిన వింత మళ్ళీ చూడలేదు. జీవితమంతా ఆస్ట్రేలియాను తిట్టిన మనిషి, వాళ్ళు ఒక్కో ఫోర్ కొడుతుంటే తొడ చరుచుకున్నాడు. శ్రీలంక 9 పరుగుల తేడాతో గెలిచింది. తొడ చరచిన చెయ్యే నెత్తి మీదికి పోయింది.

నెట్ రన్‌రేట్ నాకు ఎంత చెప్పినా ఎక్కదు. ఇంకోసారి చెప్తారా?

చెప్తా. పాయింట్లు సమానమైతే చూసేది ఇది: మనం ఓవర్‌కు కొట్టిన పరుగుల్లోంచి, ఎదుటివాళ్ళకు ఓవర్‌కు ఇచ్చిన పరుగులు తీసేస్తే మిగిలేది. ముందు నేను చేసిన తప్పు చెప్తా, దాంతో బాగా ఎక్కుతుంది.

కొన్నేళ్ళ కింద మూడు పేటల టీములు ఇరవై ఓవర్ల టోర్నమెంట్ పెట్టుకున్నాయి. అన్నీ చెరొక మ్యాచ్ గెలిచి చెరొకటి ఓడి సమానంగా నిలిచాయి. స్కోరరును నేనే కాబట్టి లెక్క నా మెడకు చుట్టుకుంది. ఒక టీము మొదటి మ్యాచ్‌లో 20 ఓవర్లలో 160 కొట్టింది. ఎదుటివాళ్ళు 16.4 ఓవర్లకు 120 ఆలౌట్. నేను ఫోన్ క్యాలిక్యులేటర్‌లో 120ని 16.4తో భాగించాను. ఒక్క లైన్లో రెండు తప్పులు!

ఒకటి: 16.4 అంటే పదహారు ఓవర్ల నాలుగు బంతులు. ఓవర్‌కు ఆరు బంతులు కాబట్టి అది 16 పైన ఆరింట నాలుగు వంతులు, అంటే 16.67. చుక్క చూసి దశాంశం అనుకోకూడదు. రెండోది ఇంకా పెద్దది: ఆలౌట్ అయిన జట్టుకు వాళ్ళు ఆడిన ఓవర్లు కాదు, వాళ్ళకు ఇచ్చిన ఓవర్లన్నీ లెక్క. అంటే 120ని భాగించాల్సింది 20తో. వచ్చేది 6. గెలిచిన టీము రేటు 8. తేడా +2.00. నా తప్పుడు లెక్కలో అది +0.70 దాటలేదు.

రెండో మ్యాచ్‌లో అదే టీము 18 ఓవర్లకు 110 ఆలౌట్. ఎదుటివాళ్ళు 15 ఓవర్లలో 111 కొట్టి గెలిచారు. ఇప్పుడు రెండు మ్యాచ్‌లూ కలపాలి. కొట్టినవి 160, 110 కలిపి 270, ఓవర్లు 20, 20 కలిపి 40. రేటు 6.75. ఇచ్చినవి 120, 111 కలిపి 231, ఓవర్లు 20, 15 కలిపి 35. రేటు 6.60. నెట్ రన్‌రేట్ +0.15. లక్ష్యం ఛేదించిన జట్టుకు ఆడిన ఓవర్లే లెక్క, ఆ 15 అందుకే అట్లాగే ఉంది.

చాలామంది ఒక్కో మ్యాచ్‌కి తేడా తీసి సగటు వేస్తారు. +2.00, -1.90 కలిపి సగం చేస్తే +0.05 వస్తుంది. అది తప్పు. పరుగులు పరుగులతో, ఓవర్లు ఓవర్లతో కలిపిన తర్వాతే భాగహారం. 50 ఓవర్లయినా ఇదే పద్ధతి.

ఆ రోజు నా పుణ్యమా అని అర్హత లేని టీముకు ఫైనల్ అని మైకులో చెప్పించాం. సాయంత్రం ఒక ఇంటర్ కుర్రాడు కాగితం మీద లెక్క వేసి చూపించాడు. మళ్ళీ మైకు పట్టుకుని మార్చి చెప్పాల్సి వచ్చింది. ఆ పేట వాళ్ళు ఇప్పటికీ నన్ను చూస్తే "పదహారు పాయింట్ నాలుగు వస్తా ఉండాడ్రా" అంటారు.

మ్యాచ్ ఓడిపోయి కూడా ఫైనల్‌కి పోవడం ఎట్లా కుదురుతుంది?

షార్జా. 1998 ఏప్రిల్ 22.

అప్పుడు నేను చిత్తూరులో ఉన్నాను. గాంధీ రోడ్డులో ఒక టీవీ షాపు ముందు యాభై మందిమి ఉంటాం. షట్టరు సగం దించి కూడా షాపాయన మాకోసం టీవీ ఆపలేదు. భారత్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సిరీస్. ఆస్ట్రేలియా అప్పటికే ఫైనల్‌లో ఉంది. రెండో చోటు కోసం మనకూ న్యూజిలాండ్‌కూ పాయింట్లు సమానంగా ఉన్నాయి, తేల్చాల్సింది నెట్ రన్‌రేట్. ఆస్ట్రేలియా 284 కొట్టింది. మనం గెలవాలంటే 285, ఫైనల్‌కి పోవాలంటే 254 చాలు. మధ్యలో ఎడారి నుంచి ఇసుక తుఫాను లేచింది, ఆటగాళ్ళు నేలకు కరుచుకుని పడుకున్నారు. తెర మీద ఇసుక తప్ప ఏమీ కనపడకపోతే, ఒక ముసలాయన "యాంటెన్నా తిప్పండ్రా" అని కేకేశాడు. నాలుగు ఓవర్లు పోయాయి. కొత్త లెక్క: 46 ఓవర్లలో గెలుపుకు 276, ఫైనల్‌కి 237.

సచిన్ 131 బంతుల్లో 143. అవతలి ఎండ్‌లో మన హైదరాబాద్ లక్ష్మణ్ వికెట్ కాపాడుకుంటూ నిలబడ్డాడు, అతని 23 పరుగులు ఎవరికీ గుర్తుండవు. 237 దాటగానే మా రోడ్డులో టపాసులు పేలాయి. కొత్తగా వచ్చి నిలబడ్డోడు ఒకడు "గెలిచామా?" అని అడిగాడు. "లేదు, కానీ అయిపోయింది" అన్నారెవరో. సచిన్ 242 దగ్గర అవుటయ్యాడు, మనం 250 దగ్గర ఆగాం, మ్యాచ్ ఆస్ట్రేలియాదే. ఇంటికి పోయింది మాత్రం ఆ రోజు మైదానంలోనే లేని న్యూజిలాండ్. రెండు రోజుల తర్వాత, తన పాతికో పుట్టినరోజున, సచిన్ ఇంకో 134 కొట్టి కప్పు తెచ్చాడు.

మన జట్టు లేని మ్యాచ్ చూడటం దండగ కదా?

పైన హోబార్ట్ తర్వాత మెల్బోర్న్ గురించి రాశానే, ఇంకోసారి చదవండి.

వాన పడితే?

ఓవర్లు తగ్గిస్తారు, లక్ష్యాన్ని డక్‌వర్త్ లూయిస్ స్టెర్న్ పద్ధతిలో మారుస్తారు. రెండో జట్టు కనీసం 20 ఓవర్లు ఆడే అవకాశం లేకపోతే ఫలితం లేదు, పాయింట్లు పంచుతారు. డక్‌వర్త్ లూయిస్ తొలిసారి వాడింది 1997 జనవరి 1న, జింబాబ్వే ఇంగ్లండ్ మ్యాచ్‌లో. దాని లోపలి లెక్క నన్ను అడగొద్దు. సూత్రం మాత్రం తేలిక: చేతిలో ఎన్ని ఓవర్లున్నాయి, ఎన్ని వికెట్లున్నాయి అన్న రెండూ ఆస్తులే, వాన ఎవరి ఆస్తి ఎంత మింగిందో చూసి సరిచేస్తారు.

ముక్కోణపు సిరీస్‌లో వానకు ఇంకో కోణం ఉంది. రద్దయిన మ్యాచ్ నెట్ రన్‌రేట్ లెక్కలోకి రాదు. ముందున్న జట్టుకు అది వరం, వెనకున్న జట్టుకు శాపం. లీగ్ చివర్లో మబ్బు పడితే ఒక డ్రెస్సింగ్ రూమ్‌లో దండాలు, ఇంకోదాంట్లో తిట్లు.

టై అయితే ఏమవుతుంది?

ఒకప్పుడు లీగ్‌లో పాయింట్లు పంచుకునేవాళ్ళు. ఈ మధ్య వన్డే నిబంధనల్లోనే సూపర్ ఓవర్ పెట్టారు, అంటే చెరొక ఓవర్ ఆడి తేల్చుకోవాల. టైలు ఈ సిరీస్‌లకు కొత్తేం కాదు. 1991 డిసెంబర్ 6న పెర్త్‌లో మనం 126కు ఆలౌట్, వెస్టిండీస్ కూడా 126కే ఆలౌట్. ప్రధాన బౌలర్ల ఓవర్లు అయిపోయి బంతి సచిన్ చేతికొచ్చింది. చివరి వికెట్ అతను తీస్తే స్లిప్‌లో క్యాచ్ పట్టింది మన అజార్. 2012లో అడిలైడ్‌లో శ్రీలంకతో 236 దగ్గర ఇంకో టై.

ఒకప్పుడు ఫైనల్సే మూడు ఉండేవి కదా, ఎందుకు?

ఆస్ట్రేలియా పద్ధతి అది, మూడింట్లో రెండు గెలిస్తే కప్పు. 1979-80లో అక్కడ ఆస్ట్రేలియా, వెస్టిండీస్, ఇంగ్లండ్‌తో వరల్డ్ సిరీస్ కప్ మొదలైంది, తొలి కప్పు వెస్టిండీస్ ఎత్తుకుపోయింది. టీవీ ఛానల్‌కు ఫైనల్ ఒక్క సాయంత్రంలో అయిపోవడం ఇష్టం ఉండదు, మూడు ఉంటే మూడు రాత్రుల ప్రకటనలు. దాని మంచి కూడా ఉంది: ఒక్క చెడ్డ రోజు వల్ల నెల రోజుల కష్టం పోదు.

1980-81లో ఏకంగా ఐదు ఫైనల్స్ పెట్టారు. మూడో ఫైనల్లో, 1981 ఫిబ్రవరి 1న, న్యూజిలాండ్‌కు చివరి బంతికి టై కోసం సిక్స్ కావాలి. ఆస్ట్రేలియా కెప్టెన్ గ్రెగ్ చాపెల్ చెప్పగా తమ్ముడు ట్రెవర్ బంతిని నేల మీద దొర్లించాడు, మన పిల్లోళ్ళు గోలీ ఆడినట్టు. అప్పటి నిబంధనల ప్రకారం చెల్లింది. బ్యాటర్ బ్యాటు విసిరికొట్టాడు.

మనకు సంబంధించి రెండు గుర్తుంచుకోండి. 1998 జనవరి 18న ఢాకాలో పాకిస్తాన్‌తో మూడో ఫైనల్: వాళ్ళు 48 ఓవర్లలో 314, గంగూలీ 124, ఇంకో బంతి మిగిలి ఉండగా హృషీకేశ్ కనిత్కర్ ఫోర్. అప్పటికి వన్డేల్లో అంత పెద్ద లక్ష్యాన్ని ఎవరూ ఛేదించలేదు. రెండోది 2008 మార్చిలో ధోనీ సేన ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డ మీదే మూడో ఫైనల్ అవసరం లేకుండా 2-0తో ఓడించడం. సిడ్నీలో సచిన్ 117 నాటౌట్, బ్రిస్బేన్‌లో 91.

గంగూలీ చొక్కా విప్పిన మ్యాచ్ ఇదేనా?

ఔను, 2002 జూలై 13, లార్డ్స్, నాట్‌వెస్ట్ ఫైనల్. ఇంగ్లండ్ 325, మనం 146కు 5, ఆపైన యువరాజ్ 69, కైఫ్ 87 నాటౌట్, మూడు బంతులు మిగిలుండగా గెలుపు. అందరికీ తెలిసిన కథే. సచిన్ అవుటవగానే టీవీ కట్టేసి పడుకున్నామని చెప్పేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు, మా ఇంట్లో మా నాయన.

సెహ్వాగ్ సిక్స్ కొట్టినా 99 దగ్గరే ఎందుకు ఉండిపోయాడు?

2010 ఆగస్టు 16, దంబుల్లా. భారత్, శ్రీలంక, న్యూజిలాండ్ సిరీస్. మనకు గెలవడానికి ఒక్క పరుగు, సెహ్వాగ్ 99 మీద. శ్రీలంక బౌలర్ సూరజ్ రణదివ్ నోబాల్ వేశాడు, సెహ్వాగ్ దాన్ని సిక్స్ కొట్టాడు. నోబాల్ పడ్డ క్షణంలోనే ఆ ఒక్క పరుగూ వచ్చేసింది, మ్యాచ్ అక్కడే ముగిసింది. ముగిసిన మ్యాచ్‌లో సిక్స్ ఎక్కడ రాస్తాం? స్కోరరుగా నేనైనా అదే రాస్తాను. కావాలనే వేశాడని తేలాక శ్రీలంక బోర్డు రణదివ్‌ను ఒక మ్యాచ్ పక్కన పెట్టింది.

ఈ సిరీస్‌లలో మన తెలుగు గుర్తులు ఏమైనా ఉన్నాయా?

ఈ ప్రశ్న ఎవరూ అడగరు, నేనే రాస్తున్నా.

బంగ్లాదేశ్ వన్డేల్లో తొలి గెలుపు ఎక్కడ సాధించిందో తెలుసా? ఢాకాలో కాదు, మన హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో. 1998 మే 17న, కెన్యా మీద, భారత్ మూడో జట్టుగా ఉన్న సిరీస్‌లో. మహమ్మద్ రఫీక్ 77 కొట్టాడు. మన జట్టు లేని మ్యాచ్ దండగ అనేవాళ్ళకు ఇదొకటి. అదే సిరీస్‌లో గ్వాలియర్‌లో కెన్యా మనల్నే ఓడించింది. 2003 నవంబర్ 15న అదే హైదరాబాద్‌లో న్యూజిలాండ్ మీద సెహ్వాగ్ 130, సచిన్ 102, ద్రవిడ్ 22 బంతుల్లో 50. ద్రవిడ్ లెక్క నేను తప్పు రాయలేదు.

లక్ష్మణ్ సంగతి. 2003 ప్రపంచకప్ జట్టులో అతనికి చోటివ్వలేదు. ఏడాది తిరగ్గానే, 2004 జనవరిలో, ఆస్ట్రేలియాలో జింబాబ్వేతో కలిపి జరిగిన సిరీస్‌లో వారం రోజుల్లో మూడు సెంచరీలు: బ్రిస్బేన్‌లో 103 నాటౌట్, సిడ్నీలో 106 నాటౌట్, అడిలైడ్‌లో 131. మాట తూలకుండా జవాబు చెప్పడం అంటే అది.

ఇంకా దగ్గరికి వస్తే మన పక్క జిల్లా కడప. శ్రీ చరణి, ఎడమచేతి స్పిన్నర్, 2025 ఏప్రిల్ 27న కొలంబోలో తొలి వన్డే ఆడింది, అదీ ముక్కోణపు సిరీస్‌లోనే: భారత్, శ్రీలంక, దక్షిణాఫ్రికా. మే 11న ఫైనల్లో స్మృతి మంధాన 116 కొట్టింది, మనవాళ్ళు 342 చేసి శ్రీలంకను 97 పరుగుల తేడాతో ఓడించారు. అదే ఏడాది నవంబర్‌లో ప్రపంచకప్ గెలిచిన జట్టులో కూడా చరణి ఉంది. ఆ తర్వాత మా గ్రౌండుకు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చే నాయనలు కనపడటం మొదలైంది. ఒకాయన అడిగిన మొదటి ప్రశ్న: "సార్, స్పిన్ నేర్పిస్తారా? మా పాపది ఎడం చెయ్యే."

ఇప్పుడు ఇట్లాంటి సిరీస్‌లు ఎందుకు తగ్గిపోయాయి?

డబ్బు, తీరిక. మూడింట ఒక వంతు మ్యాచ్‌లలో ఆతిథ్య జట్టు ఉండదు, గ్యాలరీలు ఖాళీ, ప్రకటనలు చౌక. ఒక జట్టు బాగా బలహీనంగా ఉంటే సగం సిరీస్ అయ్యేసరికే ఫైనల్ ఎవరిదో తేలిపోతుంది. పైగా టీ20 లీగ్‌లు క్యాలెండర్‌ను ఆక్రమించాయి. ఆస్ట్రేలియా ఏటా జరిపే ముక్కోణపు సిరీస్‌ను ఆపింది 2008లో, ఐపీఎల్ మొదలైందీ ఆ ఏడాదే. మధ్యలో 2012లో, 2015లో ఒక్కోసారి పెట్టారు. 2015 జనవరి సిరీస్‌లో మన పురుషుల జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు, ఆ తర్వాత వన్డేల్లో ఇట్లాంటి సిరీస్ ఆడనూ లేదు.

నాకైతే ఇది నష్టమే అనిపిస్తుంది. ఒకే జట్టుతో వరసగా ఐదు మ్యాచ్‌లు చూస్తే నాలుగోదానికి కునుకు పడుతుంది.

నేపాల్, ఒమన్, అమెరికా ఆడేవి కూడా ఇవేనా?

ఇవే, ఇంకా ఎక్కువ పట్టుదలతో. ప్రపంచకప్ అర్హత కోసం 2019లో మొదలుపెట్టిన లీగ్ 2 మొత్తం మూడు దేశాల సిరీస్‌లతోనే నడుస్తుంది. ఒక్కో సిరీస్‌లో ఆరు మ్యాచ్‌లు, ఫైనల్ ఉండదు, పాయింట్లు పెద్ద పట్టికలోకి చేరతాయి. 2020 ఫిబ్రవరి 12న నేపాల్‌లోని కీర్తిపూర్‌లో అమెరికా 35 పరుగులకే కూలింది. సందీప్ లామిచానే 16 పరుగులకు 6 వికెట్లు. వన్డేల్లో అంతకు తక్కువ స్కోరు లేదు, 2004లో జింబాబ్వే చేసిన 35తో సమానం. ఇన్నింగ్స్ రెండూ కలిపి 17.2 ఓవర్లలో అయిపోయాయి. స్కోరరు పేజీ తిప్పే పని కూడా పడి ఉండదు.

రెండు కొత్త బంతుల రూల్ మారిందంట?

మారింది. 2025 జూలై నుంచి వన్డేల్లో 34 ఓవర్ల దాకా రెండు ఎండ్‌లకూ రెండు బంతులు, 35వ ఓవర్ నుంచి వాటిలో ఒకదాన్ని ఫీల్డింగ్ జట్టు ఎంచుకుని చివరిదాకా దాంతోనే వేస్తుంది. బంతి పాతబడితే రివర్స్ స్వింగ్‌కు చోటు దొరుకుతుందని. మంచి పని.

మనకు ఏ టైములో చూపిస్తారు?

ఏ దేశంలో జరిగితే ఆ దేశం టైము. ఎండాకాలంలో సిడ్నీ మనకన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది, అంటే వాళ్ళ ఎండాకాలం, మన జనవరి. పగటి మ్యాచ్ అయితే తెల్లారకముందే. చిన్నప్పుడు మా ఇంట్లో రేడియోలో సుప్రభాతమూ టీవీలో ఆస్ట్రేలియా మ్యాచూ ఒకేసారి మొదలయ్యేవి, ఏది ఆపాలన్న తగువు రోజూ మా అమ్మే గెలిచేది. వెస్టిండీస్‌లోని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ మనకన్నా తొమ్మిదిన్నర గంటలు వెనక. 2013 జూలై 11న అక్కడి ఫైనల్లో ధోనీ చివరి వికెట్ జోడీగా ఇషాంత్‌ను పెట్టుకుని, ఆఖరి ఓవర్‌కు 15 కావాల్సి ఉంటే 6, 4, 6 కొట్టినప్పుడు తిరుపతి అంతా నిద్రలో ఉంది. కొండ మీద తప్ప.

ఏ ఛానల్, ఏ యాప్ అంటే ప్రతి సిరీస్‌కూ హక్కులు మారతాయి. ఎవరో పంపిన ఉచిత లింకులు మాత్రం నొక్కొద్దు.

తిరుపతిలో అంతర్జాతీయ మ్యాచ్ ఎప్పుడు జరుగుతుంది?

ఇప్పటిదాకా జరగలేదు. మన రాష్ట్రంలో అంతర్జాతీయ మ్యాచ్ అంటే విశాఖ, అది మనకు 700 కిలోమీటర్ల పైమాటే. చెన్నై 150 లోపే. అందుకే ఇక్కడి అభిమానికి సొంత స్టేడియం చేపాక్. పొద్దున రైలెక్కి, చెన్నై సెంట్రల్‌లో దిగి, రెండు ఇడ్లీ తిని మ్యాచ్‌కు పోయిన తరాలు ఉన్నాయి.

ఆన్‌లైన్‌లో పందెం వేస్తే తప్పా?

తప్పే, నేరం కూడా. ఆంధ్రప్రదేశ్ 2020లోనే చట్టం మార్చి నిషేధించింది. ఈ ప్రశ్న అడిగినోళ్ళతో నేను టీ తాగను.

మూడు టీములతో మేమే పెట్టుకోవచ్చా? ఎట్లా పెట్టాల?

భేషుగ్గా పెట్టుకోవచ్చు. ఎనిమిది టీముల నాకౌట్ కన్నా ఇది మేలు, ఒక్కసారి ఓడి ఇంటికి పోయే బాధ ఉండదు. ఇరవై ఓవర్లు చాలు. జోడీకి రెండు చొప్పున ఆరు మ్యాచ్‌లు, మూడు ఆదివారాలు, నాలుగో ఆదివారం ఫైనల్. రోజుకు రెండు మ్యాచ్‌లు పెడితే ఒక టీము రెండూ ఆడాల్సి వస్తుంది, ఆ కష్టాన్ని సమానంగా పంచండి. కొర్లగుంట, భవానీ నగర్, ఎం.ఆర్.పల్లె అనుకుందాం. మొదటి వారం కొర్లగుంట మిగతా ఇద్దరితోనూ ఆడుతుంది. రెండో వారం భవానీ నగర్, మూడో వారం ఎం.ఆర్.పల్లె. వేసి చూసుకోండి, ప్రతి జోడీకి సరిగ్గా రెండు వస్తాయి.

మొదటి మ్యాచ్ ఏడింటికల్లా మొదలవ్వాల. ఏడు అని చెప్తే ఎనిమిదికి వస్తారు కాబట్టి కాగితం మీద ఆరు అని వేయండి. మేలో గంగమ్మ జాతర వారం, పురటాసిలో, అంటే సెప్టెంబర్-అక్టోబర్‌లో, బ్రహ్మోత్సవాల రోజులు వదిలేయండి, టీములో సగంమంది కనపడరు. నవంబర్‌లో పెడితే వానకు సిద్ధపడాల, ఈశాన్య రుతుపవనాలకు మీ ఫిక్చర్ తెలీదు. మ్యాట్ వికెట్ అయితే మేకులు కొట్టేటప్పుడు నాలుగు మూలలే కాదు, పక్కల కూడా కొట్టండి. అంచు లేస్తే బౌలర్ కాలు మడత పడుతుంది, ఒకసారి చూశాను, ఆ కుర్రాడు నెల రోజులు కుంటాడు.

పాయింట్లు, టై, వాన, నెట్ రన్‌రేట్ నిబంధనలు ముందే తెల్లకాగితం మీద రాసి ముగ్గురు కెప్టెన్లతోనూ సంతకం పెట్టించండి.

ఇక అంపైర్లు. మన దగ్గర ఆడని టీమే అంపైరింగ్ చేయడం అలవాటు. ట్రై సిరీస్‌లో అది చేయొద్దు. ఖాళీగా ఉన్నట్టు కనపడే ఆ మూడో టీముకే ఆ మ్యాచ్ మీద అందరికన్నా ఎక్కువ ఆశ. ఒకసారి చివరి లీగ్ మ్యాచ్‌లో ఛేదన 16 ఓవర్ల లోపు అయిపోతే అంపైర్ల టీము ఇంటికి పోతుంది. పదమూడో ఓవర్ నుంచి ఒక్క వైడ్ ఇస్తే ఒట్టు! బంతి రెండో స్లిప్ చేతికి పోతున్నా చెయ్యి చాచలేదు. అడిగితే "బ్యాటర్‌కి అందుతుంది లేన్నా" అన్నాడు. బయటి నుంచి ఇద్దరిని పిలిపించుకోండి, పొద్దున టిఫిను, మధ్యాహ్నం బిర్యానీ పెడితే వస్తారు. స్కోరుకు నేను వస్తాను, క్యాలిక్యులేటర్ మాత్రం ఆ ఇంటర్ కుర్రాడి చేతికి ఇవ్వండి. ఇప్పుడు ఇంజనీరింగ్‌లో ఉన్నాడు.